చల్ల యానాది నుంచి టిప్పు బటన్ దాకా (ఊరి బయటి చరిత్ర – 11వ భాగం)



పోయిన భాగం వెట్టి మీద రాశాను. ఈ భాగం కూలికీ బిచ్చానికీ మధ్య ఉన్న సన్నటి గీత మీద. ఆ గీతను ఎవరు చెరిపారు, దాన్ని మళ్ళీ గియ్యడానికి ఎవరు కొట్లాడారు, ఇప్పుడు ఫోన్లో అది మళ్ళీ ఎట్లా చెరిగిపోతోంది, అదీ విషయం. శ్రీహరికోట నుంచి మొదలుపెడతాను. రాకెట్ల శ్రీహరికోట కాదు, అంతకు ముందుది.

పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ నడుమ పొడుగ్గా పడుకున్న దీవి అది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటు ఎంచారు. 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్ అక్కడ నుంచి లేచింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేటతో పాటు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా నోళ్ళల్లో ఇంకా నెల్లూరే. ఇదంతా టీవీ వాళ్ళు చెప్తారు. కౌంట్‌డౌన్ నడుస్తున్నప్పుడు వాళ్ళు చెప్పనిది ఒకటుంది. ఆ అడవి యానాదులది.

1835లో మద్రాసు సర్కారు ఆ దీవిని చేతిలోకి తీసుకుంది. ఎందుకనుకున్నారు? వంటచెరుకు కోసం. మద్రాసు పట్నం పెరుగుతోంది, పట్నంలో పొయ్యిలు పెరుగుతున్నాయి, కట్టె కావాలి. అడవిని సర్కారు ఆస్తి చేసి, అందులో ఉన్న యానాదుల్ని అడవి సరుకు తెచ్చిపెట్టే మనుషుల్ని చేశారు. తేనె, కుంకుళ్ళు, చిరివేరు. చిరివేరంటే బట్టలకు ఎర్ర రంగు వేసే వేరు. మన కలంకారీల్లో కనపడే ఆ ఎరుపు అట్లాంటి వేర్లదే. వాళ్ళ అడవి, వాళ్ళ కాళ్ళు, వాళ్ళ వేళ్ళు. తీసుకెళ్ళి డిపోలో పెడితే సర్కారు "దయతో" ఇంత చేతిలో పెట్టేది.

అప్పట్లో పట్నం పొయ్యి కిందికి కట్టె ఇక్కడి నుంచి పోయింది. ఇప్పుడు సూళ్లూరుపేట స్టేషన్లో పొద్దున్నే లోకల్ రైలెక్కి ఎనభై కిలోమీటర్ల అవతల అదే పట్నానికి పోయి, పొయ్యి మీద వండిన కూడును ఇంటింటికీ మోసే పిల్లోళ్ళు మా వైపు ఉన్నారు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను.

మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. చివరి సంపుటంలో యానాదులున్నారు. వాళ్ళల్లో రకాలు రాశాడు. మంచి యానాదులు, వీళ్ళనే రెడ్డి యానాదులని కూడా అంటారు, పంట రెడ్ల ఇళ్ళల్లో వంట చేసేవాళ్ళు. అడవి యానాదులు, పేరులోనే ఉంది. మూడోవాళ్ళు చల్ల యానాదులు. ఈ చల్ల మజ్జిగ కాదు. ఊళ్ళో పాకీ పని చేసి, తిన్నవాళ్ళు పారేసిన ఇస్తరాకుల్లోని మిగులు తినేవాళ్ళని ఆ పేరుకు అర్థం రాశారు.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. మనిషికి పని పేరు కులం పేరైపోవడం మనకు కొత్త కాదు. కుమ్మరి, కమ్మరి, చాకలి. ఇక్కడ జరిగింది ఇంకొకటి. పని పేరు కూడా కాదు, పనికిచ్చిన ప్రతిఫలం పేరు మనిషికి అతికింది. రోజంతా ఊరు ఊడ్చిన మనిషికి ఎంగిలి మెతుకులు పెట్టారు. పెట్టినవాళ్ళకి ఆ పేరు రాలేదు, తిన్నవాళ్ళకి వచ్చింది. ఎంగిలి పెట్టిన చేతికి కులం పేరు "దాత".

ఇంకో తమాషా గమనించారా? అదే తెగలో ఒకరు రెడ్డిగారింట్లో పొయ్యి దగ్గర వండుతున్నారు, ఇంకొకరు అదే కూడు మిగిలితే పెరటి గుమ్మం దగ్గర అందుకుంటున్నారు. మొదటివాళ్ళు "మంచి". రెండోవాళ్ళతో కలవరు. ఇట్లా మెట్లు కట్టినవాడు కింద మెట్టు మీద లేడు, అది మాత్రం ఖాయం.

యానాదులు ఎస్టీలు, మేం ఎస్సీలం. వాళ్ళ కథను మా ఖాతాలో వేసుకోను. ఆ కథ చెప్పాల్సినవాళ్ళు వాళ్ళే, చెప్తున్నారు కూడా. కానీ ఆ పెరటి గుమ్మం దగ్గర అందరం నిలబడ్డవాళ్ళమే.

మా సంగతి చెప్తాను. మాలలకూ మాదిగలకూ ఊరిచ్చే దానికి "మేర" అని పేరు. కంపెనీ కాలం రెవెన్యూ కాగితాల్లో కూడా ఈ మాట కనపడుతుంది. పంట కళ్ళంలో కొలిచేటప్పుడు చెప్పులు కుట్టినవాడికి, మోట తోలు బాగుచేసినవాడికి, చచ్చిన గొడ్డును లాగినవాడికి, దండోరా వేసినవాడికి, కావలి కాసినవాడికి ఇంత అని తీసేవాళ్ళు. కాగితం మీద అది హక్కు. రాశి ఇంటికి చేరకముందే తియ్యాల్సిన వాటా. మరి తీసుకునే తీరు? కళ్ళం బయట తలగుడ్డ విప్పి నిలబడాలి. "అయ్యా, మా దొరా" అనాలి. ఆయన మనసు బాగుంటే చేట నిండుగా పోస్తాడు, లేకపోతే కళ్ళం అడుగు, అంటే మట్టి కలిసిన గింజలు ఊడ్చుకోమంటాడు. ఏడాది పనికి ఒక్కరోజు వంగడం కాదు, ఆ ఒక్కరోజు కోసం ఏడాదంతా వంగడం.

ఇదే నేను చెప్పే గీత. మేర కూలే. కానీ దాన్ని బిచ్చంలా కనపడేట్టు చేశారు. ఎందుకు చేశారంటే, కూలి అయితే కొలత ఉంటుంది, తక్కువైతే అడగొచ్చు. దానమైతే కొలత ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది, అడిగితే పొగరు అంటారు. "ఇచ్చిందాంట్లో సంతోషపడాలి" అనే మాట ఎక్కడ వినపడినా అక్కడ ఒక కూలి ఎగ్గొట్టబడుతోందని నా అనుభవం.

మన భాషలో ఈ దానాలకు ఎన్ని పేర్లో చూడండి. ఈనాము, బక్షీసు, మామూలు, పండగ మామూలు, టీ డబ్బులు, ఖుషీ. ఒకే మామూలు తహసీల్దారు ఆఫీసులో పైకి పోతే లంచం, మునిసిపాలిటీ కార్మికురాలికి కిందికి వస్తే దయ. దసరాకి గుమ్మం ముందు నిలబడి మామూలడిగే ఆమెను చూసి మొహం చిట్లించేవాళ్ళు, రిజిస్ట్రార్ ఆఫీసులో నవ్వుతూ కవరిస్తారు. ఆ తేడా డబ్బులో లేదు.

అంబేడ్కర్ ఈ గీతను పట్టుకున్నంత గట్టిగా ఇంకెవరూ పట్టుకోలేదు. 1927 మార్చిలో మహాడ్ అంటే చాలామందికి చెరువు గుర్తొస్తుంది. చెరువుకు పోకముందు సభలో ఆయన అడిగింది ఇంకొకటి: చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఎంగిలి కూడు అందుకోవడం మానండి. నీళ్ళు తాగే హక్కూ, ఎంగిలి తినకపోయే హక్కూ ఆయనకి ఒకటే. కానీ మానెయ్యమనడం తేలిక, మానేస్తే పొయ్యి మీద ఏం పెట్టాలి? దీనికి జవాబు మరుసటి ఏడాది ఇచ్చాడు. దీన్ని మనవాళ్ళు కూడా ఎక్కువగా చదవరు.

మన వెట్టివాడు, తలారి ఎట్లాగో మహారాష్ట్రలో వతన్ మహర్ అట్లా. సర్కారు పని, ఊరి పని రెండూ అతనివే. పగలు లేదు రాత్రి లేదు, పిలిస్తే పోవాలి. అతను ఊళ్ళో లేకపోతే వాళ్ళ నాయన, తమ్ముడు, ఇంట్లో ఎవరుంటే వాళ్ళు పోవాలి. దానికి జీతం: కాస్త ఈనాము భూమి, ఊరివాళ్ళు ఇచ్చే బలుత, అంటే మన మేర. పని సర్కారుది, జీతం మాత్రం రైతు దయ. రైతుకు కోపం వస్తే బలుత ఆపేస్తాడు. చావుకబురు మొయ్యనంటే ఆపేస్తాడు, మంచి బట్ట కట్టుకుంటే ఆపేస్తాడు, పిల్లోణ్ణి బడికి పంపితే ఆపేస్తాడు.

1928 మార్చిలో అంబేడ్కర్ బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు, 1874 నాటి వంశపారంపర్య ఉద్యోగాల చట్టాన్ని సవరించడానికి. అందులో ఉన్న ఒక్క సంగతి చూడండి. బలుత రైతు చేతి నుంచి మహర్ చేతికి పోకూడదు. దాన్ని డబ్బులోకి మార్చండి, సెస్సుగా భూమిశిస్తుతో కలిపి వసూలు చెయ్యండి, సర్కారు జీతంగా ఇవ్వండి. అంతే. ఇచ్చేవాడూ అదే రైతు, అందుకునేవాడూ అదే మహర్. మధ్యలో చట్టం నిలబడితే చాలు, వంగాల్సిన పని ఉండదు. ఎక్కువ దానం అడగలేదాయన. దానాన్ని జీతం చెయ్యమన్నాడు. పైగా కోరుకున్నవాళ్ళకి ఆ వతన్ నుంచి బయటపడే దారి కూడా పెట్టమన్నాడు.

ఆ బిల్లును ఎంత నలిపారంటే 1929లో ఆయనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

సరిగ్గా అదే కాలంలో, సముద్రాల అవతల, ఇదే గీత మీద ఇంకో కొట్లాట నడిచింది. అక్కడికి ఎందుకు తీసుకెళ్తున్నానంటే టిప్పు కథ తెలియాలి.

అమెరికాలో అంతర్యుద్ధం 1865లో ముగిసింది, బానిసత్వం చట్టంలో పోయింది. రైళ్ళల్లో పడక పెట్టెలు నడిపే పుల్‌మన్ కంపెనీ విడుదలైన నల్లవాళ్ళను పోర్టర్లుగా పెట్టుకుంది. పరుపు వెయ్యాలి, బూట్లు తుడవాలి, పెట్టెలు మొయ్యాలి, రాత్రంతా గంట కొడితే లేవాలి. జీతం చాలనంత. మిగతాది ప్రయాణికుడు టిప్పుగా ఇస్తాడులే అనేది కంపెనీ లెక్క. ప్రయాణికులు వాళ్ళందర్నీ "జార్జ్" అని పిలిచేవాళ్ళు, యజమాని జార్జ్ పుల్‌మన్ పేరు మీద. బానిసకు యజమాని పేరు పెట్టే అలవాటు అది. మన దగ్గర "ఒరేయ్" అనే పేరున్నట్టు. నెలకు 400 గంటలు గానీ 11,000 మైళ్ళు గానీ తిరిగితేనే పూర్తి జీతం. కిలోమీటర్ల లెక్కన జీతం ఇవ్వడం యాప్ కనిపెట్టిందనుకునేవాళ్ళు ఇది చదవండి.

1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో ఆ పోర్టర్లు సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ కోరికల్లో ఒకటి వినండి: టిప్పు పెంచండి అని కాదు, టిప్పు తీసెయ్యండి, బతకడానికి చాలిన జీతం ఇవ్వండి. టిప్పు పద్ధతి మీద విచారణ చెయ్యమని రైళ్ళ మీద అజమాయిషీ ఉన్న కేంద్ర కమిషన్ దగ్గరికి పోయారు. అది మా పరిధి కాదని కమిషన్ 1928లో చేతులు దులుపుకుంది. 1928. బొంబాయిలో అంబేడ్కర్ బిల్లు పెట్టిన ఏడే. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసింది కాదు. నొప్పి ఒకటైనప్పుడు మందూ ఒకటే తడుతుంది.

పుల్‌మన్ కంపెనీ చివరికి 1937లో ఒప్పందం మీద సంతకం పెట్టింది, పని గంటలు నెలకు 240కి దిగాయి. కానీ టిప్పు పోలేదు. హోటళ్ళలో వడ్డించేవాళ్ళకి అమెరికా కేంద్ర చట్టం ప్రకారం యజమాని గంటకు ఇవ్వాల్సిన కనీస నగదు 2.13 డాలర్లు. ఆ అంకె 1991 నుంచి కదల్లేదు. మిగతాది టిప్పుల్లో చూసుకోవాలి, టిప్పులు చాలకపోతేనే యజమాని పూడ్చాలి. అంటే బల్ల దగ్గర కూర్చున్నవాడికి నచ్చేట్టు నవ్వితేనే ఇంటద్దె.

ఇక మన ఫోన్లోకి రండి.

బిర్యానీ ఆర్డర్ పెడతారు. డబ్బు కట్టే ముందు ఒక వరుస వస్తుంది: 20, 30, 50. ఒకదాని కింద "ఎక్కువమంది ఇచ్చేది" అని రాసి ఉంటుంది. కూడు ఇంకా పొయ్యి మీదే ఉంది, మోసే మనిషి ఎవరో ఇంకా తేలలేదు, టిప్పు మాత్రం ముందే అడుగుతోంది. అడుగుతోంది ఎవరు? ఆ పిల్లోడు కాదు. కంపెనీ. వాడి తరఫున వాడి తలగుడ్డ కంపెనీ విప్పి మీ ముందు పరుస్తోంది.

దీంతో ఎంత వస్తుందో ఊహించనక్కర్లేదు. జొమాటో అప్పటి అధిపతి దీపిందర్ గోయల్ 2026 జనవరిలో, డెలివరీ కార్మికుల సమ్మె తర్వాత, తనే అంకెలు బయటపెట్టాడు. టిప్పు కాకుండా గంటకు సగటు రాబడి 2025లో 102 రూపాయలు. ఇది పెట్రోలు, బండి ఖర్చు తియ్యకముందు. టిప్పు గంటకు సగటున 2 రూపాయల 60 పైసలు. జొమాటోలో వంద ఆర్డర్లకు ఐదింటికే టిప్పు పడుతోంది, బ్లింకిట్‌లో రెండున్నరకి. పది గంటలు ఎండలో తిరిగితే 26 రూపాయలు. ఒక మంచి టీ, రెండు బజ్జీలు.

ఇంత తక్కువ వచ్చే దానికి అంత పెద్ద బటన్ ఎందుకు? నాకు తోచింది చెప్తాను. ఆ బటన్ పని డబ్బు తేవడం కాదు. "వీడికి చాలకపోతే అది మీ మనసు చిన్నదవడం వల్ల, మా రేటు వల్ల కాదు" అని మీకు నేర్పడం. కళ్ళం దగ్గర కూడా ఇదే జరిగింది. మేర చాలకపోతే తప్పు ఆసామి మనసుది, పద్ధతిది కాదు. మంచి ఆసామి, చెడ్డ ఆసామి అని మన పెద్దలు లెక్కలేసుకుంటూ ఉండిపోయారు.

అమెరికాలో దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. డోర్‌డాష్ అనే డెలివరీ కంపెనీ, కస్టమర్ ఇచ్చిన టిప్పును చూసుకుని ఆ మేరకు తను ఇవ్వాల్సింది తగ్గించుకుందని 2019లో బయటపడింది. మీరిచ్చిన టిప్పు పిల్లోడికి చేరినట్టే చేరి, కంపెనీ జేబు నింపింది. వాషింగ్టన్ డీసీలో కేసు పడితే 2020లో 25 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. అమెజాన్ ఫ్లెక్స్ మీద ఇట్లాంటి ఆరోపణే వస్తే 2021లో 6 కోట్ల 17 లక్షల డాలర్లకు ఒప్పుకుంది. మన దగ్గర కంపెనీలు టిప్పు మొత్తం కార్మికుడికే ఇస్తున్నామంటున్నాయి. ఇస్తూనే ఉండొచ్చు. కానీ ఆర్డరుకు ఇచ్చే రేటు ఎట్లా పెరుగుతుందో, ఎట్లా తగ్గుతుందో తేల్చే లెక్క వాళ్ళ కంప్యూటర్లో ఉంది. ఆ కళ్ళంలోకి మనల్ని రానివ్వరు.

2025 మేలో ఇంకొకటి చూశాం. ఊబర్ బండి బుక్ చేసేటప్పుడే "ముందస్తు టిప్పు" అడుగుతోందని కేంద్ర వినియోగదారుల సంస్థ నోటీసిచ్చింది. మంత్రి గారికి అది అన్యాయంగా అనిపించింది, కస్టమర్‌కి అన్యాయం. నడిపేవాడి వైపు నుంచి ఎవరూ ఆ నోటీసు రాయలేదు.

"ముందస్తు" అంటే గుర్తొచ్చింది. మా వైపు యానాదులకు "అడ్వాన్సు" అనే మాట తెలియని ఇల్లు ఉండదు. మా జిల్లాకు చెందిన ఒక యానాది తల్లి కొడుకును అప్పు కింద బాతులు మేపడానికి ఉంచుకున్నారు. ఆ పసివాడి శవం అదే నెలలో, 2025 మేలో, కాంచీపురం వైపు పాలారు దగ్గర పూడ్చిపెట్టి దొరికింది. కూలి కూలిగా ఇవ్వకుండా దయగానో అప్పుగానో ఇస్తే అది ఎక్కడిదాకా పోగలదో చెప్పడానికే ఇది రాస్తున్నా. డెలివరీ పిల్లోడి బతుకు దీనితో సమానమని అనడం లేదు.

మోసే చేయి ఎవరిదనే గొడవ కూడా ఉంది, దాన్ని వదిలేస్తే ఈ చరిత్ర సగమే అవుతుంది.

యాప్‌లో మోసే మనిషి పేరు కనపడుతుంది. పేరులో మనకు అన్నీ కనపడతాయి. 2019 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఒకాయన, తెచ్చినవాడు ముస్లిమని స్విగ్గీ పార్సిల్ తీసుకోనన్నాడు. 2022లో అదే హైదరాబాద్‌లో ఇంకొకాయన ఆర్డర్ కింద సూచనల్లోనే ముస్లిం వద్దని రాశాడు. తెలంగాణ గిగ్ కార్మికుల సంఘం నాయకుడు షేక్ సలావుద్దీన్ దాన్ని అందరి ముందూ పెట్టాడు. అదే ఏడు లక్నోలో ఒక దళిత డెలివరీ కార్మికుడు కేసు పెట్టాడు: కులం అడిగి, చెప్పాక, కూడు తీసుకోనన్నారని, తిట్టి మొహం మీద ఉమ్మేశారని. 2024 మార్చిలో జొమాటో శాకాహారుల కోసం వేరే దండు, పచ్చ చొక్కాలతో, అని ప్రకటించింది. గొడవ జరిగితే మరుసటి రోజే చొక్కా రంగు వెనక్కి తీసుకుంది, దండును ఉంచింది. ఎర్ర చొక్కా వేసుకున్నవాడు ఏ వీధిలోకి రాకూడదో తేలిపోతుందని ఒక పూట ఆలస్యంగా తట్టింది వాళ్ళకి.

ఇంతకీ మంచి యానాది, చల్ల యానాది విడదీసిన లెక్కకీ, పచ్చ చొక్కా ఎర్ర చొక్కా లెక్కకీ తేడా ఏంది? నాకైతే నూట పదిహేనేళ్ళే కనపడుతున్నాయి.

సర్వీసు లిఫ్టు సంగతి మీ అందరికీ తెలుసు. మా నాయనలకు దోసిట్లో పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు, గిన్నె తగలకుండా. ఇప్పుడు తలుపు పక్క కుర్చీ పెట్టి "అక్కడ పెట్టు" అంటారు. అందరూ కులం చూసే అంటున్నారని అనను. కరోనా భయంతో మొదలైనవాళ్ళున్నారు, తీరిక లేక అనేవాళ్ళున్నారు. కానీ అటువైపు నిలబడ్డవాడి ఒంట్లో పాత జ్ఞాపకం ఒకటుంటుంది, అది కారణాలు అడగదు.

చెన్నైలో బండి నడిపే మా వైపు కుర్రోళ్ళు నన్నడిగేది ఒకటే. "అన్నా, ఎవరైనా చేతిలో ఇరవై పెడితే తీసుకోవాలా, వద్దా? తీసుకుంటే బిచ్చంలా ఉంటుంది. వద్దంటే పెట్రోలు రాదు." తమ్ముడూ, తీసుకో. అందులో నీ తప్పు ఏమీ లేదు. ఎంగిలి మానమన్న బాబాసాహెబ్ ఆకలితో చావమని చెప్పలేదు, అందుకే మరుసటి ఏడే జీతం బిల్లు పెట్టాడు. తీసుకుని "థ్యాంక్స్" అను, "దేవుడు సల్లగా చూస్తాడు" అనక్కర్లేదు. సంఘంలో చేరావా లేదా, అది నేను నిన్నడిగే ప్రశ్న.

ఇక మనలో ఉద్యోగాలొచ్చి, ఫ్లాట్లు కొనుక్కుని, రాత్రి పదింటికి ఆర్డర్ పెట్టేవాళ్ళకి. మీరు ఇవ్వండి, వీలైతే చేతికివ్వండి, మొహం చూసి ఇవ్వండి. మంచినీళ్ళు కావాలా అని అడగండి, మీ గ్లాసులోనే ఇవ్వండి. కానీ ఇరవై నొక్కి న్యాయం చేసేశామని పడుకోకండి. ఆ నొక్కుడులో నాకు చేట పట్టుకున్న ఆసామి కనపడతాడు. మనం ఆసాములు కావడానికి కాదు కదా ఇంత దూరం వచ్చింది.

చట్టం దగ్గరికొస్తే లెక్క సూటిగా ఉంది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో అంబేడ్కర్ కార్మిక శాఖ చూశాడు. కనీస వేతనాల బిల్లును 1946 ఏప్రిల్‌లో కేంద్ర శాసనసభలో పెట్టింది ఆయనే. 1948లో అది చట్టమైంది. మనిషి పనికి ఒక అడుగు రేటు ఉంటుంది, అంతకంటే తక్కువకు ఒప్పుకున్నా చెల్లదు, అదీ దాని సారం. మొదటిసారి ఈ దేశంలో చేటకు కొలత పెట్టారు.

యాప్ కంపెనీలు ఆ కొలత నుంచి ఒక్క మాటతో బయటపడ్డాయి: "పార్ట్‌నర్". భాగస్వామి అట. లాభంలో భాగం లేదు, రేటు పెట్టడంలో భాగం లేదు, ఎండలో మాత్రం పూర్తి భాగం. 2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్ కార్మికుడనే మాటను చట్టంలోకి తెచ్చింది, కానీ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట ఉన్నవాడని చెప్పి మరీ తెచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అది అమల్లోకొచ్చింది. కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలి, అదీ కార్మికులకు చెల్లించే దాంట్లో 5 శాతం మించకుండా. నీతి ఆయోగ్ 2022 లెక్కలో ఇట్లాంటి పనివాళ్ళు 2020–21 నాటికే 77 లక్షలు, 2029–30కి 2 కోట్ల 35 లక్షలవుతారు.

రాజస్థాన్ అంతకుముందే, 2023లో, చట్టం తెచ్చింది. ప్రతి లావాదేవీ మీద సెస్సు, అది కార్మికుల సంక్షేమ బోర్డుకు. కర్ణాటక 2025లో చేసింది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బయటపెట్టింది.

సెస్సు. ఈ మాట పైన ఎక్కడ చదివారో గుర్తుందా? 1928 బిల్లులో. దాన్ని చూసి మనవాళ్ళు కొందరు అప్పుడే సంబరపడుతున్నారు, బాబాసాహెబ్ ఆలోచన వందేళ్ళకు గెలిచిందని. సగమే గెలిచింది. ఆయన సెస్సు జీతం ఇవ్వడానికి. ఈ సెస్సు బీమాకి, ప్రమాదం జరిగితే ఇచ్చే సాయానికి. కాలు విరిగితే ఇస్తారు, కాలు ఆడుతున్నప్పుడు గంటకు ఇంత తగ్గకూడదని మాత్రం చెప్పరు. ఆ గంట రేటు ఇంకా దొర చేతి చేటలోనే ఉంది.

మహర్ వతన్‌ను బొంబాయి రాష్ట్రం చట్టం చేసి రద్దు చేసింది 1958లో. బిల్లు పెట్టిన ముప్పై ఏళ్ళకి, పెట్టినాయన పోయిన రెండేళ్ళకి. మన ఆంధ్ర ప్రాంతంలో గ్రామ సేవకుల ఈనాము భూములు ఏమయ్యాయి, 1956 ఈనాముల రద్దు చట్టం తర్వాత అవి ఎవరి పేరు మీదికి ఎక్కాయి, 1984లో ఎన్టీఆర్ కరణాల, మునసబుల ఉద్యోగాలు తీసేసినప్పుడు వాళ్ళ కింద ఉన్న వెట్టివాళ్ళకు ఏం జరిగింది, అది 12వ భాగంలో రాస్తాను. మీ ఇళ్ళల్లో పాత పట్టాలు, పాస్‌బుక్కులు ఉంటే తీసి చూసి పెట్టుకోండి.

(ఇంకా ఉంది)